విశాఖలో మేడ మీద మిరప నారు ఎప్పుడు పోయాలి, మొలకలు ఎందుకు వాలిపోతాయి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మధురవాడలో మూడో అంతస్తు పైన మేడ. జూన్‌లో వంటింటి ఎండుమిరపకాయల గింజలు దులిపి ఒక కుండీలో చల్లారు. సగానికి పైగా మొలవలేదు. మొలిచినవాటిలో చాలావరకు వారం తిరక్కుండా వాలిపోయాయి. మిగిలిన మూడు మొక్కలు అడుగు ఎత్తు ఎదిగాక ఆకులు ముడుచుకుపోయాయి. ఇప్పుడు ఆగస్టు నెలాఖరు. వాటిని పీకేయాలా, మళ్లీ వేస్తే ఎప్పుడు, ఎలా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. సెప్టెంబరు రెండో వారం నుంచి నెలాఖరు లోపు, వాన నేరుగా పడని చోట నారు పోయండి. అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో పెద్ద కుండీల్లోకి మార్చండి. డిసెంబరులో పూత, జనవరి వచ్చేసరికి చేతికి పచ్చిమిర్చి, ఏప్రిల్ దాకా కోత. మీకు జరిగిన మూడు నష్టాలకీ కారణాలు వేరువేరు. గింజ పాతది, నీళ్లు ఎక్కువ, పురుగు పట్టింది. అందుకే ఒక్క మందుతో సరిచేద్దామంటే కుదరదు.

ఈ నెలలే ఎందుకంటే

మిరప గింజ మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి చాలు. విశాఖలో ఆ వేడికి ఏడాది పొడుగునా కొదవ లేదు. కాబట్టి మొలక కోసం నెల చూసుకోనక్కర్లేదు, పూత కోసం చూసుకోవాలి. పగలు 35 దాటినా, రాత్రి 25 కంటే దిగకపోయినా పూత నిలవడం తగ్గిపోతుంది. సముద్రం పక్క ఊళ్లలో అసలు ఇబ్బంది రాత్రితోనే. మేలో మన దగ్గర పగటి ఎండ లోపలి జిల్లాలంత ఉండదు గానీ రాత్రి చల్లబడదు, ఉక్క వదలదు. మొక్క పచ్చగానే ఉంటుంది, పువ్వులు మాత్రం తొడిమతో సహా రాలి కింద పరుచుకుంటాయి. జనవరి, ఫిబ్రవరిలో నారు పోస్తే సరిగ్గా ఆ ఉక్కలోనే పూతకొస్తుంది. జూన్‌లో పోస్తే పూత బాగానే ఉంటుంది, కాయలు అక్టోబరు వానల్లో తడిసి కుళ్లుతాయి.

మనకి ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ముందుంటుంది, తుపాన్ల కాలం కూడా అదే. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ నెలలో మీ మిరప ఇంకా గ్లాసుల్లో చిన్న నారుగానే ఉంటే, హెచ్చరిక రాగానే ట్రే ఎత్తి హాల్లో పెట్టేసుకోవచ్చు. పదిహేను కిలోల కుండీలు పదింటిని అలా మొయ్యలేరు కదా.

గింజ సంగతి

ఎండుమిర్చి గింజ మొలవదని కాదు, మొలుస్తుంది. కానీ ఆ కాయ ఏ ఏడాదిదో, ఎంత కాలం గోదాములో ఉందో, ఎలా ఎండబెట్టారో మనకి తెలియదు. మిరప గింజకి మొలక శక్తి మొదటి ఏడాది బాగుంటుంది, రెండో ఏటి నుంచి పడిపోతుంది. మన గాలిలో తేమకి మూత సరిగా లేని డబ్బాలో ఉంటే ఇంకా త్వరగా పోతుంది. పైగా కారం ఆడించే ముందు కాయల్ని మళ్లీ మేడ మీద మండుటెండలో పోస్తాం. ఆ వేడి కూడా గింజని దెబ్బతీస్తుంది.

ఇంకో సంగతి. బజారులో దొరికే ఎండుమిర్చిలో హైబ్రిడ్ పంటది చాలా ఉంటుంది. దాని గింజ మొలిచినా తల్లి లాంటి కాయ రాదు. ఒక మొక్క పొట్టిగా, ఒకటి పొడుగ్గా, ఒకటి కారంగా, ఒకటి చప్పగా వస్తాయి. సరదాకి అయితే సరే, నాలుగు నెలల శ్రమ పెట్టేటప్పుడు మాత్రం వద్దనే నా సలహా.

రకాల్లో ఇంటి కుండీకి నేను ముందు చెప్పేది జి-4, దాన్నే భాగ్యలక్ష్మి అంటారు. గుంటూరు దగ్గర లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం రకం. పచ్చిమిర్చికీ ఎండుమిర్చికీ పనికొస్తుంది, సూటి రకం, అంటే హైబ్రిడ్ కాదు కాబట్టి గింజ మళ్లీ దాచుకోవచ్చు. లాం నుంచే వచ్చిన ఎల్‌సీఏ-334 కూడా మంచిదే, అది ఎక్కువగా ఎండుమిర్చి కోసం. పులుసులోకి, వేపుడులోకి సన్నగా పొడుగ్గా కావాలంటే పూసా జ్వాల. బీచ్ రోడ్డు బజ్జీ చూసి ఆ లావు కాయ మీద మనసు పడితే బజ్జీ మిరప వేరే రకంగా అడిగి తెచ్చుకోవాలి. మామూలు రకం కాయ ఎంత మేపినా బజ్జీ లావు ఎక్కదు.

ప్యాకెట్ విత్తనం గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటే మందు పట్టించారని అర్థం. దాన్ని నానబెట్టకండి, చేతులు కడుక్కోండి, పిల్లలకి అందకుండా పెట్టండి. మందు పట్టించని గింజైతే చిటికెడు ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లని అడ్డుకునే మేలు శిలీంధ్రం) పొడితో, రెండు చుక్కల నీళ్లు తగిలించి కలిపి, నీడన అరగంట ఆరనిచ్చి వేసుకోండి.

గింజ మీద అనుమానం ఉంటే విత్తే ముందే పరీక్షించుకోవచ్చు. ఇరవై గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో పరచి మడిచి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఫ్రిజ్ పైన ఉంచండి. ఫ్రిజ్‌లో కాదు, పైన. పది రోజుల్లో పద్నాలుగు, పదిహేను పగిలితే మంచి గింజ. ఎనిమిది దాటకపోతే రెట్టింపు చల్లండి, నాలుగైదే అయితే పారేయండి. నీళ్లలో వేసి తేలినవి తీసేయమని చాలామంది చెబుతారు. మిరప గింజ పలచగా ఉంటుంది, మంచిది కూడా మొదట తేలుతుంది. ఆ పరీక్ష నమ్ముకోవద్దు.

నలుగురున్న ఇంటికి ఐదారు మొక్కలు చాలు. దానికి ఇరవై గింజలు వేస్తే సరి. గ్రాముకి 150 నుంచి 200 గింజలు వస్తాయి, అందుకే పెద్ద ప్యాకెట్ కొని మిగతాది పాడు చేసుకోవద్దు.

నారు పోయడం

కుండీలో చల్లి తర్వాత పీకి నాటే పద్ధతి పొలానిది. మేడ మీద ఒక్కో గింజకి ఒక్కో గూడు ఇవ్వడమే మేలు. ప్రోట్రే, అంటే గూళ్లున్న నారు ట్రే ఉంటే మంచిది, లేకపోతే టీ తాగే కాగితం గ్లాసులు చాలు. అడుగున పెన్సిల్‌తో మూడు కన్నాలు పొడవండి. ఒకే పెద్ద కన్నం పెడితే మట్టి జారిపోతుంది, కన్నమే లేకపోతే ఇక చెప్పేదేముంది.

నింపడానికి మట్టి వద్దు. మూడు వంతుల కొబ్బరి పొట్టుకి ఒక వంతు జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, అందుకే ముందు నానబెట్టి పిండి, మళ్లీ నీళ్లు పోసి పిండి, ఇలా కనీసం మూడుసార్లు చేయాలి. మొదటిసారి వచ్చే నీరు డికాషన్‌లా ఉంటుంది. అది లేత టీ రంగుకి వచ్చాక ఆపండి. కలిపిన మిశ్రమం గుప్పిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువైనట్టు.

గింజని అర సెంటీమీటరు లోతులో పెట్టండి, అంటే చిటికెన వేలి గోరులో సగం. లోతు ఎక్కువైతే మొలక పైకి రాలేక లోపలే కుళ్లుతుంది. మరీ పైన ఉంటే గింజ తొక్కు ఆకులకి టోపీలా అంటుకుని వస్తుంది. అలా వస్తే లాగకండి, ఆకు ఊడిపోతుంది. పొద్దున్న సన్నటి పిచికారీ కొట్టి వదిలేస్తే రెండు రోజుల్లో అదే రాలుతుంది.

గ్లాసుల మీద తడి గోనెపట్టా గానీ న్యూస్ పేపరు గానీ కప్పి ఇంట్లోనో బాల్కనీ నీడలోనో ఉంచండి. ఏడో రోజు నుంచి రోజూ పొద్దున్న ఎత్తి చూడాలి. మొదటి మొలక వంగి కనిపించిన రోజే కప్పు తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైతే వెలుతురు లేక కాడ దారంలా సాగుతుంది, ఆ నారు తర్వాత నిలబడదు. తీసిన వెంటనే పొద్దుటి ఎండ మూడు గంటలు, తర్వాత సగం నీడ. పద్నాలుగు రోజులు దాటినా రాని గింజ మీద ఆశ వదులుకోండి.

మొలకలు వాలిపోవడం: నారుకుళ్లు

జూన్‌లో మీకు జరిగింది ఇదే అయ్యుండాలి. వాలిన మొలకని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. మట్టిని తాకే చోట మాత్రం కాడ నీరు పట్టినట్టు గోధుమరంగుకి తిరిగి, నొక్కేసిన దారంలా సన్నబడి ఉంటుంది. ఎండకి వాడిందనుకుని ఇంకా నీళ్లు పోస్తాం. పక్కన ఉన్నవి కూడా మర్నాటికి వాలిపోతాయి.

ఇది మట్టిలో ఉండే శిలీంధ్రం పని. దానికి కావలసినవి మూడు: తడి, గుబురు, గాలి ఆడకపోవడం. ఒకే కుండీలో దగ్గరదగ్గరగా చల్లి, పైన జూన్ వాన పడితే ఆ మూడూ మీరే అందించినట్టు. గ్లాసు పద్ధతిలో ఒకటి పోయినా పక్కదానికి అంటడం తక్కువ.

నీళ్లకి గడియారం పెట్టుకోకండి, గ్లాసు ఎత్తి చూడండి. తడి గ్లాసు బరువు రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. తేలిగ్గా అనిపించి, పైపొర రంగు లేతబడ్డాకే పోయాలి. అదీ పొద్దున్నే, అడుగున పళ్లెంలో పోసి పది నిమిషాలకి మిగిలినది వంపేయండి. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలిచిపోతుంది. తెగులు కనిపించిన గ్లాసులు తీసేసి, మిగిలినవాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్ల దగ్గర పోయండి. వాలిపోయినది మాత్రం తిరిగి లేవదు.

నాలుగు ఆకులొచ్చాక 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే నీటిలో కరిగే ఎరువు) లీటరుకి 2 గ్రాములు, వారానికి ఒకసారి చాలు. ముప్పై రోజులు దాటాక నీళ్లు కాస్త తగ్గించి, రోజూ గంట చొప్పున ఎండ పెంచుకుంటూ పోండి. 40 రోజులకి నారు జానెడు పొడవు, ఐదారు ఆకులు, కాడ కాస్త గట్టిగా ఉండాలి.

పెద్ద కుండీ, మట్టి

పన్నెండు అంగుళాల లోతు, వెడల్పు ఉన్న కుండీ గానీ గ్రో బ్యాగు గానీ. అంతకంటే చిన్నదైతే మధ్యాహ్నానికే ఎండిపోయి పూత రాలుతుంది. కుండీకి ఒకే మొక్క. రెండు పెడితే రెండు రెట్లు కాయదు, రెండూ సగం సగం కాస్తాయి.

ఎర్రమట్టి ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు, వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు. కుండీకి 50 గ్రాముల వేపపిండి. కలిపి వారం రోజులు తడిపి ఉంచి తర్వాత నాటండి, వేపపిండి మురిగేటప్పుడు పుట్టే వేడి లేత వేళ్లకి తగలకూడదు. ఎర్రమట్టి నర్సరీలో కొనుక్కోండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయని సంచి పట్టుకుని వెళ్లకండి, అవి రక్షిత భూవారసత్వ స్థలం. మట్టి గుల్లబారాలని బీచ్ ఇసుక కలిపేవాళ్లు కూడా ఉన్నారు. అందులో ఉప్పుంటుంది, మిరపకి అదంటే అస్సలు పడదు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి నీళ్ల గురించి కూడా. తీరానికి దగ్గరున్న అపార్ట్‌మెంట్లలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పెచ్చు కడుతుంటే, ముదురాకుల చివర్లు మాడుతుంటే అనుమానించండి. కుళాయి నీళ్లు గానీ పట్టి ఉంచిన వాననీళ్లు గానీ వాడండి. తప్పక బోరు నీరే అయితే నెలకోసారి మంచినీళ్లు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పు కడిగేయాలి.

నాటడం సాయంత్రం. గ్లాసు చింపి, వేళ్ల ముద్ద చెదరకుండా, గ్లాసులో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి. నాటిన రోజే పక్కన రెండున్నర అడుగుల కర్ర పాతేయండి. తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి, కట్టు లేకపోతే మన సముద్రపు గాలికి మొక్క మొదట్లో ఊగి ఊగి వదులైపోతుంది. మూడు నాలుగు రోజులు నీడ, ఆ తర్వాత కనీసం ఆరు గంటల ఎండ. కుండీ కింద ఇటుకలు పెడితే నీరు పోతుంది, స్లాబు వేడి కూడా తగలదు.

కాండం అడుగు లోపే రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర వచ్చే మొదటి పువ్వు తుంచేయండి, మనసొప్పకపోయినా. చీలిక కింద వచ్చే పిలకలు కూడా తీసేయాలి. పైన గుబురు కట్టాక ఆ పువ్వుకి పదింతలు వస్తుంది. ఇరవై రోజులకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, పూత మొదలయ్యాక పదిహేను రోజులకోసారి 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకి 3 గ్రాములు. యూరియా జోలికి వెళ్లొద్దు. నల్లగా నిగనిగలాడే ఆకులే మిగులుతాయి, పువ్వు రాదు, లేత ఆకుకి పురుగు ఇంకా ఎక్కువ పడుతుంది.

ఆకుముడత: ఎటు ముడిచిందో చూడండి

‘ఆకుముడతకి ఏం కొట్టాలి’ అని అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే, ముడత పైకా కిందకా అని.

*పైకి ముడుచుకుని* దొప్పలా, పడవలా అయితే తామర పురుగులు. పువ్వుని తెల్ల కాగితం మీద తట్టండి. గీత గీసినట్టు సన్నటి నలుసులు పాకుతాయి. 2021 నుంచి ఆంధ్రలో మిరపని కుదిపేసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పువ్వులోనే దాక్కుంటుంది, ఆకు మాత్రమే చూస్తే దొరకదు. నీలం రంగు జిగురు అట్టలు మొక్క తల ఎత్తులో కట్టండి. 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే మందు బలం) వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు. ముందు కొద్ది గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూతో తెల్లగా పాలలా కలిసేదాకా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోయండి. ఆకు అడుగున తడవాలి, సాయంత్రం కొట్టాలి, వారానికోసారి మూడు వారాలు. ఒక్కసారి కొట్టి పని చేయలేదనేవాళ్లే ఎక్కువ. గుడ్లు మిగిలిపోతాయి, అవి పొదిగాక మళ్లీ మొదలు.

*కిందకి ముడుచుకుని* బోర్లించిన పడవలా, ఆకు కాడ సాగినట్టు, చిగురు గరుకుగా ఉంటే తెల్లనల్లి. కంటికి కనిపించదు, భూతద్దం కావాలి. దీనికి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. రెండు జాగ్రత్తలు: మండుటెండలో గంధకం కొడితే ఆకు మాడుతుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కొట్టినా మాడుతుంది. జనవరి చలిలో ఆకు కింద తెల్ల పొడిలా బూడిద తెగులు వచ్చినా ఇదే మందు.

ఎటూ కాకుండా ఆకులు చిన్నవై, గుత్తిగా, ఆకు నరాల మధ్య పసుపు పట్టి, మొక్క గిడసబారితే అది వైరస్. తెల్లదోమ తెస్తుంది. మందు లేదు. ముందు మొక్క మీద ప్లాస్టిక్ సంచి బోర్లించి, మూతి బిగించి, అప్పుడు పీకండి. ఊరికే పీకితే ఆకు అడుగున ఉన్న దోమలన్నీ లేచి పక్క మొక్క మీద వాలతాయి. ముందు జాగ్రత్తగా నారు దశలోనే 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు) నైలాన్ వల కప్పడం మంచిది. దోమతెర కన్నాలు పెద్దవి, తెల్లదోమ దూరిపోతుంది.

కాయ చివర నల్లగా చదునుగా మచ్చ పడితే తెగులని భయపడకండి. ఒక రోజు ఎండగట్టి, ఒక రోజు ముంచెత్తడం వల్ల కాల్షియం కాయ చివరిదాకా చేరకపోవడం అది. నీళ్లు ఒక పద్ధతిలో పోస్తే కొత్త కాయలకి రాదు. గుడ్డు పెంకులు మట్టిలో కలపడం తప్పు కాదు గానీ అవి కరిగేసరికి పంటకాలం అయిపోతుంది.

సింహాచలం కొండ వైపు ఇళ్లవాళ్లకి కోతుల బెడద ఎలాగూ ఉంటుంది. ఎర్రగా పండేదాకా ఉంచితే రామచిలుకలు కూడా వస్తాయి. పక్షులకి మన కారం తెలియదు. పండుకాయ కావాలంటే వల కట్టాల్సిందే.

కోసేటప్పుడు లాగకండి, కొమ్మ చీలుతుంది. తొడిమతో సహా కత్తెరతో కోయండి. గింజకి దాచుకోవాలంటే ఒక కొమ్మకి పువ్వు విచ్చకముందే పలచటి గుడ్డ సంచి కట్టండి. మిరప తనలో తానే ఫలదీకరణ చెందుతుంది, కానీ తేనెటీగలు పక్క కుండీలోని బజ్జీ మిరప పుప్పొడి తెస్తే వచ్చే ఏడు కాయ మారుతుంది. గింజ తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. కారం ఉండేది గింజలో కాదు, గింజ అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. నీడన ఆరబెట్టి, బిగుతు మూత సీసాలో వేసి, పైన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక మీ మూడు మొక్కల సంగతి. ముడత పైకో కిందకో అయితే పీకొద్దు. చిగుళ్లు నాలుగు వేళ్ల మేర కత్తిరించి, సంచిలో వేసి పారేసి, పైన చెప్పిన మందు దేనికి అది కొట్టండి. మూడు వారాల్లో కొత్త చిగురు సాఫీగా వస్తే అవే మీకు డిసెంబరు కంటే ముందు కాయలిస్తాయి. కొత్త నారు ట్రేని మాత్రం వాటికి దూరంగా, వీలైతే మేడకి రెండో కొసన పెట్టండి. పసుపు పట్టి గిడసబారినది ఉంటే దానికి ఈ సాయంత్రమే సంచి తొడగండి.